కందిపప్పు ఎక్కడి నుంచి వచ్చింది?

(జగిత్యాల జిల్లాలో సోషల్ టీచర్ల స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌లో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. భోజనాల తర్వాత నన్ను మాట్లాడమన్నారు. పొద్దున మాట్లాడినవాళ్ళ అదృష్టం వేరు. వెనక ఫ్యాన్ కింద కూర్చున్న సార్లు కొంచెం ముందుకు రండి. మీరు నిద్రపోతారని కాదు, నా గొంతు అంతదూరం రాదు. సరే, నిద్రపోతారనే.

నాకిచ్చిన అంశం ఏమిటంటే, పిల్లలకు ప్రపంచం మీద అవగాహన కలిగించడానికి ఆన్‌లైన్‌లో ఏమేం దొరుకుతాయి అని. ఇలాంటి ఉపన్యాసం వసుధైక కుటుంబకంతో మొదలుపెట్టాలి. నేను పెట్టను. ఆ మాట ఉదయం నుంచి మూడుసార్లు విన్నాం. నేను మా బడిలో జరిగిన ఒక సంగతితో మొదలుపెడతాను.

రేఖాంశాల పాఠం చెబుతున్నాను. ఒక్కో రేఖాంశానికి నాలుగు నిమిషాలు, తూర్పుకు పోతే కలపాలి, పడమరకు పోతే తీసెయ్యాలి. మనందరం చెప్పే పద్ధతే. పిల్లలు ఎప్పటిలాగే నా మొహం చూస్తున్నారు. మూడో బెంచీలో ఒక అమ్మాయి ఉంది, ఎప్పుడూ నోరు విప్పదు. ఆ పిల్ల లేచి, "మేడమ్, ఇప్పుడు మనకు పదకొండున్నర అయితే దుబాయ్‌ల పది. మా డాడీ ఇప్పుడు చాయ్ తాగుతడు" అంది. ఇంకొకడు వెంటనే, "మా బాపు కువైట్ల ఉంటడు, ఆడ తొమ్మిదే" అన్నాడు. నేను లెక్క వేసుకునేలోపు వాళ్ళిద్దరూ జవాబు చెప్పేశారు. తప్పులేదు. గంటన్నర, రెండున్నర గంటలు.

చూశారా? మన జిల్లాలో ఏ తరగతికైనా వెళ్ళి, ఇంట్లో ఎవరు గల్ఫ్‌లో ఉన్నారో చెయ్యెత్తమనండి. ఎన్ని చేతులు లేస్తాయో మీకు తెలుసు, మీలో కొందరి అన్నదమ్ములు కూడా అక్కడే ఉన్నారు. ఈ పిల్లలకు ప్రపంచం తెలియదని మనం ఇక్కడ కూర్చుని మీటింగ్ పెట్టుకున్నాం! ప్రపంచం రోజూ రాత్రి వీళ్ళ ఇంటికి వీడియో కాల్ చేస్తోంది.

ఆ రోజు నా పాఠం మారిపోయింది. పుస్తకం పక్కన పెట్టి, టైమ్ అండ్ డేట్ అనే సైట్ తెరిచాను. అందులో టైమ్ జోన్ల పటం ఉంటుంది. మనది 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం, కాకినాడ దగ్గర నుంచి పోతుందని చెబుతుంటాం కదా. దుబాయ్ గడియారం 60 డిగ్రీల రేఖాంశం ప్రకారం నడుస్తుంది. తేడా 22½. నాలుగుతో గుణిస్తే 90 నిమిషాలు. కువైట్‌ది 45 డిగ్రీలు. తేడా 37½, అంటే 150 నిమిషాలు. వాళ్ళ డాడీ చాయ్ టైమ్ లెక్కతో సరిపోయింది! క్లాసు క్లాసంతా లేచి నిలబడింది.

ఇంతలో ఒకడు గూగుల్ ఎర్త్‌లో దుబాయ్ చూసి, "మేడమ్, దుబాయ్ 55 డిగ్రీల మీద ఉన్నది, మీరు 60 అంటున్నరు" అన్నాడు. నిజమే. ఏం చెప్తాం? గడియారం సూర్యుణ్ణి చూసి నడవదు, ప్రభుత్వం చెప్పినట్టు నడుస్తుంది అని చెప్పాను. ఇక అక్కడి నుంచి చైనాకు పోయాం. అంత పెద్ద దేశం, ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే గడియారం. పశ్చిమాన ఉన్నవాళ్ళకు ఎప్పుడు తెల్లవారాలి? నేపాల్‌కు పోయాం. మనకంటే పావుగంట ముందు. పావుగంట ఎందుకు? వాళ్ళ గడియారం వాళ్ళది. రెండు పీరియడ్లు పట్టింది. ఆ వారం సిలబస్ వెనకపడింది, ఆ మాట హెచ్.ఎం. గారు నాకు గుర్తు చేశారు కూడా. ఇక్కడే ఉన్నారు సార్, నవ్వుతున్నారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీకు లిస్టు కావాలి. పోయినసారి ట్రైనింగ్‌లో రెండు పేజీల లిస్టు ఇచ్చారు, వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టారు. తెరిచినవాళ్ళు ఎంతమంది? నిజం చెప్పండి. నేనూ తెరవలేదు. లిస్టులో అన్నీ మంచి సైట్లే. కానీ రేపు పొద్దున మూడో పీరియడ్‌లో దాన్ని ఎందుకు తెరవాలి? పిల్లవాడికి ఒక ప్రశ్న పుట్టాలి, అప్పుడు సైట్ తెరవాలి. ముందు సైట్ తెరిచి తర్వాత ప్రశ్న వెతుక్కుంటే అది సినిమా చూసినట్టే ఉంటుంది. బెల్లు కొట్టగానే మర్చిపోతారు. అందుకే నేను సైట్లు తక్కువే చెప్తాను, ఏ ప్రశ్నకు ఏది తెరిచానో చెప్తాను.

నేను అడిగే ప్రశ్న ఒకటే. ఇది ఎక్కడి నుంచి వచ్చింది? అంతే. ఏ వస్తువైనా సరే.

మధ్యాహ్న భోజనంలో పప్పు వడ్డిస్తున్నారు. ఈ కందిపప్పు ఎక్కడి నుంచి వచ్చింది? "దుకాణం నుంచి" అన్నారు. దుకాణానికి? "జగిత్యాల నుంచి." జగిత్యాలకు? అక్కడ ఆగిపోయారు. మనమూ అక్కడే ఆగిపోతాం. కొంత మన తాండూరుది అయ్యుండొచ్చు, తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కొంత కర్ణాటకది, మహారాష్ట్రది. కానీ కొంత మొజాంబిక్‌ది. మొజాంబిక్! ఎంతమంది పటంలో టక్కున చూపించగలరు? నేనైతే మొదట ఆఫ్రికాలో పడమటి వైపు వెతికాను, మీతో దాపరికం ఏముంది. అది తూర్పు తీరంలో ఉంది, మడగాస్కర్‌కు ఎదురుగా.

2015లో కందిపప్పు కిలో రెండు వందలకు పోయింది, గుర్తుందా? పప్పు చారు పలుచగా చేసుకున్న రోజులవి. మరుసటి ఏడాది, 2016లో, మన ప్రభుత్వం మొజాంబిక్‌తో కందుల కోసం ఒప్పందం చేసుకుంది. తర్వాత మలావీ, మయన్మార్‌లతో కూడా. ప్రపంచంలో కంది ఎక్కువ పండించేది మనమే, తినేదీ మనమే, చాలక బయట కొనేదీ మనమే. మొజాంబిక్ ఉత్తరాన చిన్న చిన్న రైతులు కంది వేస్తారు. అందులో ఎక్కువ భాగం మన కోసమే. అక్కడి రైతు ఈ ఏడు కంది వేయాలా వద్దా అన్నది ఢిల్లీలో ఎవరో దిగుమతి సుంకం మీద పెట్టే సంతకాన్ని బట్టి ఉంటుంది. మన రైతుకూ అంతే కదా! అక్కడి నుంచి కందులు బాగా వస్తే తాండూరు రైతుకు ధర పడిపోతుంది. ఈ మాట చెప్పగానే మా క్లాసులో రెండు పార్టీలు అయ్యాయి. పప్పు చవగ్గా రావాలని ఒక పార్టీ, రైతుకు ధర రావాలని ఇంకో పార్టీ. ఒకే పిల్లవాడు రెండు పార్టీల్లోనూ ఉన్నాడు, వాళ్ళ నాన్న కంది వేస్తాడు, వాళ్ళమ్మ పప్పు కొంటుంది.

దీనికి నేను వాడింది ఓఈసీ అనే సైట్. ఏ దేశం ఏం అమ్ముతుంది, ఎవరికి అమ్ముతుంది, రంగురంగుల డబ్బాలుగా చూపిస్తుంది. డబ్బా పెద్దదైతే వ్యాపారం పెద్దది. ఇంగ్లీషు రాని పిల్లవాడికి కూడా డబ్బా సైజు అర్థమవుతుంది. తర్వాత మెరైన్ ట్రాఫిక్ తెరిచి, సముద్రం మీద ఓడలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూశాం. హిందూ మహాసముద్రం నిండా చీమల్లా ఓడలు. మొజాంబిక్‌లోని నకాలా అనే రేవు వెతికారు. అక్కడి నుంచి ముంబయి వైపు ఏ ఓడ వస్తున్నా "అగో మన పప్పు, మన పప్పు" అని ఒకటే గోల. అందులో పప్పు ఉందో లేదో నాకేం తెలుసు! కానీ ఆ రోజు హిందూ మహాసముద్రం ఎక్కడుందో ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు.

అదే విధంగా నూనె. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక పొద్దుతిరుగుడు నూనె ధర ఎట్లా పెరిగిందో ఇంట్లో అమ్మను అడిగి రమ్మన్నాను. అదే ఏడాది ఏప్రిల్ చివర్లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు కొన్ని వారాలపాటు ఆపేసింది. మిర్చి బజ్జీల బండాయన ధర పెంచాడు. అది ఇండోనేషియా పాఠం కాదా మరి? పొలంలో వేసే పొటాష్ చూడండి. మన దేశంలో దాదాపు దొరకదు, బయటి నుంచి తెచ్చుకుంటాం, కెనడా నుంచి, రష్యా నుంచి, ఇంకా కొన్ని దేశాల నుంచి. బస్తా మీద రాసి ఉంటుంది, చదివి రమ్మనండి. మనది బయటికి పోయేది కూడా చెప్పాలి, లేకపోతే పిల్లలు మనం ఉత్త కొనేవాళ్ళమే అనుకుంటారు. పసుపు ఉంది కదా. మన దగ్గర, నిజామాబాద్ దగ్గర పండే పసుపు ఏ దేశపు వంటింట్లోకి పోతుందో అదే ఓఈసీలో వెతికించండి. నేను చెప్పను, మీరే చూడండి.

పటాల సంగతి ఒకటి. గోడ మీద ప్రపంచ పటం వేలాడుతుంటుంది కదా, మన బడుల్లో సగం పటాలు పాతవే. ఆ పటంలో గ్రీన్‌లాండ్ ఎంత ఉంటుంది? దాదాపు ఆఫ్రికా అంత. మన దేశం దాని పక్కన చిన్న పిల్ల. నిజానికి గ్రీన్‌లాండ్ వైశాల్యం సుమారు 21.7 లక్షల చదరపు కిలోమీటర్లు, మనది 32.87 లక్షలు. మనమే ఒకటిన్నర రెట్లు పెద్ద. ఆఫ్రికా మూడు కోట్ల పైమాటే, గ్రీన్‌లాండ్‌లు పద్నాలుగు పడతాయి అందులో. మరి పటం అబద్ధం చెబుతోందా? 1569లో మెర్కేటర్ అనే ఆయన ఓడలు నడిపేవాళ్ళ కోసం గీసిన పద్ధతి అది. దిక్కులు సరిగ్గా వస్తాయి, సైజులు పాడైపోతాయి. నారింజ తొక్క తీసి బల్ల మీద చదునుగా పరచమనండి, చిరగకుండా పరచగలరా? ద ట్రూ సైజ్ అని ఒక సైట్ ఉంది. ఏ దేశాన్నైనా వేలితో పట్టుకుని ఇంకోచోటికి లాగొచ్చు. భారతదేశాన్ని పైకి లాగితే పూరీలా ఉబ్బుతుంది, గ్రీన్‌లాండ్‌ను కిందికి లాగితే చల్లారిన పూరీలా తగ్గిపోతుంది. పది నిమిషాల ఆట. ఇంతకంటే దీని గురించి చెప్పడానికేం లేదు, ఆడిస్తే చాలు.

ఇప్పుడు మీకు పరీక్ష. భయపడకండి, ఎవరికీ ర్యాంకులు చెప్పను. ప్రపంచ జనాభాను వంద కోట్ల లెక్కన చెప్తే, అమెరికా ఖండాలు రెండూ కలిపి, యూరప్, ఆఫ్రికా, ఆసియా, ఒక్కోదానికి ఎన్ని వందల కోట్లు? సుమారుగా చెప్పండి. ... ఎవరది, ఆఫ్రికాకు మూడు అన్నారు? ... జవాబు ఒకటి, ఒకటి, ఒకటి, నాలుగు. పిన్ కోడ్‌లాగా గుర్తు పెట్టుకోవచ్చు. ఇప్పుడు ఆఫ్రికా, ఆసియా ఆ అంకెలు దాటి పోయాయి, సరే. ఈ శతాబ్దం చివరికి ఒకటి, ఒకటి, నాలుగు, ఐదు అవుతుందని అంచనా.

ఇంకొకటి. గత వందేళ్ళలో ప్రకృతి వైపరీత్యాల్లో ఏటా చనిపోయేవాళ్ళ సంఖ్య పెరిగిందా, అట్లాగే ఉందా, తగ్గిందా? ... అందరూ పెరిగింది అంటున్నారు. సగం కంటే తక్కువకు పడిపోయింది. నమ్మరా? మన తెలుగువాళ్ళ లెక్కే చూడండి. 1977 నవంబర్‌లో దివిసీమ ఉప్పెన వచ్చింది. వేల మంది పోయారు, ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోయాయి. 2014లో విశాఖపట్నం మీదికి హుద్‌హుద్ వచ్చింది. నగరం కకావికలమైంది, కానీ చనిపోయినవారు పదుల్లో ఉన్నారు, వేలల్లో లేరు. ఎందుకు? ఉపగ్రహాలు, ముందస్తు హెచ్చరికలు, తుఫాను షెల్టర్లు, ఫోన్లు. తుఫాన్లు తగ్గలేదు, మనం ముందే తెలుసుకుంటున్నాం.

ఈ ప్రశ్నలు గ్యాప్‌మైండర్ వాళ్ళవి. స్వీడన్‌లో హన్స్ రోస్లింగ్ అనే డాక్టర్, ఆయన కొడుకు ఓలా, కోడలు అన్నా, ముగ్గురూ కలిసి 2005లో పెట్టిన సంస్థ. హన్స్ 1972లో బెంగళూరులో కొన్నాళ్ళు వైద్యం చదివాడు. తోటి భారతీయ విద్యార్థులు తనకంటే ఎంత ముందున్నారో చూసి దిమ్మ తిరిగిందని తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. 2017లో ఆయన పోయాడు. అదే ఏడాది 14 దేశాల్లో 12 వేల మందిని ఇలాంటి పన్నెండు ప్రశ్నలు అడిగితే, సగటున రెండే సరైన జవాబులు వచ్చాయి. ఒక్కో ప్రశ్నకు మూడు జవాబులు ఇచ్చారు కదా, కోతి చేత కళ్ళు మూయించి వేలు పెట్టించినా నాలుగు రావాలి. కోతి కంటే మనం వెనకున్నాం! ఎందుకంటే కోతికి వార్తలు చూసే అలవాటు లేదు. మీరు రేపు స్టాఫ్ రూమ్‌లో ముందు ఆడండి, తర్వాత పిల్లల దగ్గరికి వెళ్ళండి. మా లెక్కల సార్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

వాళ్ళదే ఇంకొకటి ఉంది, డాలర్ స్ట్రీట్. దీని గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే నేను ఇందులో తప్పు చేశాను.

ప్రపంచంలోని ఇళ్ళన్నీ ఒకే వీధిలో ఉన్నాయనుకోండి. ఎడమ చివర బాగా పేద ఇల్లు, కుడి చివర బాగా డబ్బున్న ఇల్లు. యాభైకి పైగా దేశాల్లో వందల ఇళ్ళకు వెళ్ళి ఫొటోలు తీశారు. పొయ్యి, మంచం, చెప్పులు, పళ్ళు తోముకునేది, పిల్లల బొమ్మలు, మరుగుదొడ్డి. "పొయ్యి" అని నొక్కితే ప్రపంచంలోని పొయ్యిలన్నీ వరుసగా వస్తాయి. అక్కడ తెలిసేది ఏమిటంటే, తక్కువ ఆదాయం ఉన్న ఇల్లు ఏ దేశంలో ఉన్నా ఒకేలా ఉంటుంది. డబ్బున్న ఇల్లు ఏ దేశంలో ఉన్నా ఒకేలా ఉంటుంది. దేశాన్ని బట్టి కాదు, చేతిలో డబ్బును బట్టి ఇల్లు మారుతుంది. చాలా మంచి సాధనం.

నేనేం చేశానంటే, ఎడమ చివర నుంచి మొదలుపెట్టాను. ఒక ఆఫ్రికా దేశపు ఇంట్లో మూడు రాళ్ళ పొయ్యి చూపించి, "పాపం, ఎంత కష్టపడుతున్నారో చూడండి" అన్నాను. "పాపం" అన్నాను. అప్పుడు ముందు బెంచీలో ఒక పిల్లవాడు తల దించుకున్నాడు. పక్కవాడు మెల్లగా, "వీళ్ళింట్ల గూడ గదే పొయ్యి, మేడమ్" అన్నాడు. ఆ పిల్లవాడు ఆ పీరియడ్ అయ్యేదాకా తల ఎత్తలేదు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఏం నేర్చుకున్నట్టు నేను?

మర్నాడు మళ్ళీ అదే తెరిచాను. ఈసారి మాట్లాడకుండా, "ఈ పొయ్యి ఎట్లా అంటిస్తారో, పొగ రాకుండా ఏం చేస్తారో ఎవరికి తెలుసు?" అని అడిగాను. ఆ పిల్లవాడే లేచాడు. రాళ్ళు ఎట్లా పెట్టాలి, గాలి ఎటు నుంచి రావాలి, పచ్చి కట్టె ఎందుకు పెట్టకూడదు, అంతా చెప్పాడు. ఆ ఫొటో చూసి, "వీళ్ళు గాలికి ఎదురుగ పెట్టిన్రు, గందుకే పొగ" అన్నాడు. నిన్న జాలి పడిన ఇంటి గురించి ఇవాళ సలహా ఇస్తున్నాడు. మీరు డాలర్ స్ట్రీట్ వాడితే మధ్యలో నుంచి మొదలుపెట్టండి. "పాపం" అనే మాట మాత్రం నోట్లో నుంచి రానివ్వకండి. దయచేసి.

గాలి అన్నాను కాబట్టి, నల్‌స్కూల్ చెప్తాను. పేరు విచిత్రంగా ఉంటుంది, ఎర్త్ నల్‌స్కూల్ అని వెతకండి. భూగోళం మీద గాలులు కదులుతూ కనిపిస్తాయి. జూన్ నెలలో తెరవండి. భూమధ్యరేఖకు కింద నుంచి గాలి వచ్చి, రేఖ దాటి, సోమాలియా తీరం దగ్గర మెలిక తిరిగి, అరేబియా సముద్రం మీదుగా సూటిగా కేరళ మీదికి వస్తుంది. మన నైరుతి రుతుపవనం! పుస్తకంలో బాణం గుర్తు గీసి ఇస్తాం కదా, ఆ బాణం ఇక్కడ బతికి కదులుతుంది. మన వాన ఆఫ్రికా పక్కనుంచి వస్తుందని మా పిల్లలు నమ్మలేదు. అందులోనే సముద్రపు వేడి కూడా చూడొచ్చు. పెరూ తీరం దగ్గర సముద్రం వేడెక్కితే ఎల్‌నినో అంటాం. 2023 ఆగస్టు గుర్తుందా? 1901 నుంచి లెక్కలు చూస్తే దేశంలో అంత తక్కువ వాన పడిన ఆగస్టు లేదు. ఎక్కడి పెరూ, ఎక్కడి మన నారుమడి.

నీళ్ళ విషయం వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. గూగుల్ ఎర్త్‌లో టైమ్‌లాప్స్ అని ఉంది. 1984 నుంచి ఉపగ్రహ చిత్రాలు ఏడాదికొకటి చొప్పున సినిమాలా నడుస్తాయి. ముందు హైదరాబాద్ పెట్టండి, ఊరు ఎట్లా పాకిందో చూసి పిల్లలు నోరు తెరుస్తారు. తర్వాత ఏరల్ సముద్రం పెట్టండి. కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్‌ల మధ్య ఉంటుంది. ఒకప్పుడు ప్రపంచంలో నాలుగో పెద్ద సరస్సు. సోవియట్ కాలంలో, 1960ల నుంచి, దాంట్లోకి వచ్చే రెండు నదులను, ఆము దర్యాను, సిర్ దర్యాను, పొలాలకు మళ్ళించారు. ఏం పంట కోసం? పత్తి. పత్తి మాట వినగానే మా క్లాసు నిశ్శబ్దం అయింది. వాళ్ళు దసరా సెలవుల్లో పత్తి ఏరి వచ్చే పిల్లలు. ఆ సరస్సు కళ్ళ ముందే ఎండిపోతుంది. మోయినాక్ అనే రేవు ఊళ్ళో ఓడలు ఇసుకలో నిలబడి ఉన్నాయి. ఒక అమ్మాయి అడిగింది, "మేడమ్, మనం బోర్లు వేసేది పత్తి కోసమే కదా. మనకు సముద్రం లేదు, మరి మనకు ఏం ఎండిపోతది?" దానికి నేను జవాబు చెప్పలేదు. వాళ్ళ ఊళ్ళో ఎన్ని బోర్లు ఎండాయో లెక్క రాసుకు రమ్మన్నాను. రాసుకొచ్చారు. అదే మా ప్రాజెక్ట్ వర్క్ అయింది.

ఒక జాగ్రత్త. ఇది ముఖ్యం, రాసుకోండి. విదేశీ సైట్లలో మన దేశపు సరిహద్దులు మన అధికారిక పటంలో ఉన్నట్టు ఉండవు. జమ్ము కశ్మీర్ దగ్గర గీతలు వేరేగా ఉంటాయి. ఆ పటాన్ని మీరు ప్రింట్ తీసి గోడకు అంటించారంటే రేపు పేపర్లో మీ ఫొటో వస్తుంది. గోడకు, చార్టుకు, ప్రశ్నపత్రానికి సర్వే ఆఫ్ ఇండియా పటమే వాడండి, వాళ్ళ సైట్‌లో దొరుకుతుంది. ఇస్రో వాళ్ళ పటాల సైట్ భువన్ ఉంది. మన హైదరాబాద్‌లోనే ఉన్న రిమోట్ సెన్సింగ్ సెంటర్ నడుపుతుంది, బడి పిల్లల కోసం విడిగా స్కూల్ భువన్ కూడా ఉంది. పెద్ద తరగతుల్లో పిల్లలు ఈ తేడా పట్టుకుని అడుగుతారు. అడిగితే దాటెయ్యకండి. మన అధికారిక పటం ఇది, ఆ సైట్ వాళ్ళు ఇంకోలా గీశారు, పటం గీసేవాళ్ళు ఎవరు అన్నదాన్ని బట్టి గీత మారుతుంది అని చెప్పండి. పదో తరగతి పిల్లలకు అది అర్థమవుతుంది.

ఏంటి సార్? ... సార్ అడుగుతున్నారు, మా బడిలో నెట్టే రాదు, ఇవన్నీ ఎక్కడ తెరుస్తాం అని. మంచి ప్రశ్న, ఇందాకటి నుంచి దీని కోసమే ఎదురుచూస్తున్నాను. మా బడిలో కూడా రాదు సార్. డిజిటల్ బోర్డు వచ్చింది, నెట్ రాలేదు. నేను చెప్పినవాటిలో సగం నా ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిపాను, డేటా అయిపోతే మా సైన్స్ మేడమ్ ఫోన్ మీద నడిపాను. మిగిలిన సగం ఇంట్లో రాత్రి స్క్రీన్ రికార్డింగ్ చేసి పెన్ డ్రైవ్‌లో తెచ్చాను. గాలుల వీడియో ముప్పై సెకన్లు ఉంటే చాలు. డాలర్ స్ట్రీట్ ఫొటోలు దింపుకోవచ్చు, పేరు చెప్పి వాడుకోవడానికి అనుమతి ఉంది. వికీపీడియాను నెట్ లేకుండా చదవడానికి కివిక్స్ అని ఒక యాప్ ఉంది, తెలుగు వికీపీడియా మొత్తం ఒక ఫైలుగా దింపి పెట్టుకోవచ్చు. ఒక్కసారి టౌన్‌లో వైఫై దగ్గర కూర్చుని దింపుకుంటే ఏడాది నడుస్తుంది.

భాష ఇంకో ఇబ్బంది. బ్రౌజర్‌లో తెలుగులోకి మార్చే బటన్ ఉంటుంది, నొక్కండి, కానీ ముందు మీరు చదువుకోండి. కొన్నిచోట్ల ఆ తెలుగు చదివితే నవ్వు ఆగదు. చిన్న తరగతులకైతే ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ ఉంది, ఎక్కడెక్కడి దేశాల కథలో తెలుగులో బొమ్మలతో ఉచితంగా దొరుకుతాయి. దింపుకుని ప్రింట్ కూడా తీసుకోవచ్చు.

చివరగా రేడియో గార్డెన్. భూగోళం మీద పచ్చ చుక్కలు ఉంటాయి, ఏ చుక్క మీద ఆగితే ఆ ఊరి రేడియో అప్పటికప్పుడు వినిపిస్తుంది. మూడో బెంచీ అమ్మాయి అని చెప్పానే, ఆమె దుబాయ్ పెట్టమంది. పెట్టాం. మలయాళం వినిపించింది. పక్క చుక్క నొక్కితే హిందీ. "దుబాయ్‌ల దుబాయ్ భాష ఏది మేడమ్?" అంది. ఆ దేశంలో పదిమందిలో తొమ్మిది మంది దాకా బయటి నుంచి వచ్చినవాళ్ళే అని చెప్పాను. "మరి ఆ ఒక్కరు ఏం పని చేస్తరు?" అని అడిగింది. ఆ రాత్రి వాళ్ళ నాన్నను అడిగి రమ్మన్నాను. ఆయన చెప్పిన జవాబు ఇక్కడ మైకులో చెప్పను, టీ దగ్గర చెప్తాను.

ఆ తర్వాత ఆయన్నే ఒక శుక్రవారం, ఆయనకు సెలవు ఉన్న రోజున, వీడియో కాల్‌లో క్లాసుకు పిలిచాం. ముందు ఇంటివాళ్ళ అనుమతి తీసుకున్నాం, హెచ్.ఎం. గారి అనుమతి తీసుకున్నాం, ఫోన్ నా చేతిలోనే ఉంది. పిల్లల చేతికి ఇవ్వకండి, రికార్డు చేసి గ్రూపుల్లో పెట్టకండి. ఆయన సిగ్గుపడ్డాడు మొదట. "నేను టీచర్‌ను కాదు మేడమ్, నాకు చదువు రాదు" అన్నాడు. పిల్లలు ప్రశ్నలు రాసుకొచ్చారు. ఎండ ఎంత, నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి, గదిలో ఎంతమంది, ఏ ఏ దేశాలవాళ్ళు. సముద్రపు నీళ్ళను మంచినీళ్ళు చేస్తారని ఆయనే చెప్పాడు. గదిలో ఒక నేపాలీ, ఇద్దరు బంగ్లాదేశ్‌వాళ్ళు ఉన్నారు, వాళ్ళు కూడా ఫోన్‌లోకి వచ్చి నమస్తే పెట్టారు. ఇంతలో మన పావుగంట తేడా గుర్తున్న పిల్లవాడు నేపాలీ అన్నను, "భయ్యా, మీ ఇంట్ల ఇప్పుడు టైమెంత?" అని అడిగాడు. ఆయన గోడ గడియారం చూడలేదు, టక్కున చెప్పాడు. మా వాళ్ళు నోటుబుక్కులో లెక్క వేసి చూసుకున్నారు.

ఏంటి మేడమ్? ... ఇవన్నీ పరీక్షలో వస్తాయా అంటున్నారు. పట నైపుణ్యాల ప్రశ్న వస్తుంది కదా, అందులో మా పిల్లలకు మార్కులు బాగానే వచ్చాయి. మిగతావాటికి మార్కులు రాలేదు, రావు కూడా. నేను అబద్ధం చెప్పను.

టీ వచ్చినట్టుంది. ఒక్క నిమిషం. నేను చెప్పిన రికార్డింగులు, ఫొటోలు, వికీపీడియా ఫైలు అన్నీ ఈ పెన్ డ్రైవ్‌లో ఉన్నాయి. కాపీ చేసుకునేవాళ్ళు ముందు దాన్ని వైరస్ స్కాన్ చెయ్యండి, అది ఇప్పటికే నాలుగు బడులు తిరిగి వచ్చింది. తీసుకెళ్ళినవాళ్ళు వెనక్కి ఇవ్వండి సార్, పోయినసారి కూడా ఇట్లాగే ఒకటి పోయింది.